మొదటి డోసు వేశాకే బండి ఎక్కించమ్మా

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పాడేరు వైపు పీహెచ్‌సీలో డాక్టరుగా చేరి రేపటికి నెల. అక్కడ సిగ్నల్ సరిగా అందక ఫోనులో సగం మాటలే వినిపిస్తున్నాయి, అందుకే ఉత్తరం రాస్తున్నాను. మొన్న నువ్వన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. "పాముకాటు కేసు వస్తే చేతులు వణుకుతున్నాయి నాన్నా, పాము విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ పడక ఏమైనా అయితే ఎలా? పెద్దాసుపత్రికి పంపేస్తేనే మేలనిపిస్తోంది" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వైద్యం నీకు నేను చెప్పేది కాదు. కానీ పీహెచ్‌సీ గుమ్మం నుంచి పెద్దాసుపత్రి గుమ్మం దాకా ఉండే దారి నాకు తెలుసు. పదిహేనేళ్లు 108 బండికి పైలట్‌గా, అంటే డ్రైవరుగా, ఆ దారిలోనే తిరిగాను.

2018 ఆగస్టు నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు ఎంబీబీఎస్‌లో చేరిన ఏడాది. మన కృష్ణా జిల్లా దివిసీమలో ఎవరి నోట విన్నా పాముకాటు కబురే. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. నేనూ వెళ్లి దండం పెట్టుకున్నాను. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు అందులో తప్పేమీ కనిపించదు. దండం పెట్టుకుని వచ్చి మళ్లీ బండి ఎక్కాను.

ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున కాల్ వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు. నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి కడుపునొప్పి అంటూ లేస్తే, తిన్నది అరగలేదేమో అనుకుని వాళ్లమ్మ వాము నీళ్లు తాగించింది. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. మేము వెళ్లేసరికి కనురెప్పలు వాలిపోయి ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. బండిలో ప్రథమ చికిత్స చేసే మా ఈఎంటీ ఒక్క చూపు చూసి "కట్లపాము" అంది. ఇరవై నిమిషాల్లో దగ్గరి ఆసుపత్రికి చేర్చాం. అక్కడ ఫ్రిజ్‌లో మందు ఉంది. ఆ సీసాలు నా కళ్లతో చూశాను. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నవాడు, ఇప్పటి నీ వయసే ఉంటుంది. పిల్లవాడికి రియాక్షన్ వస్తే తన వల్ల కాదన్నాడు. చీటీ రాసి పై ఆసుపత్రికి పొమ్మన్నాడు.

సగం దారిలో పిల్లవాడికి ఊపిరి ఆడటం తగ్గింది. ఈఎంటీ చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ అందుకుంది. నేను అద్దంలో చూసినప్పుడల్లా ఆమె చేతులే కనిపించేవి, నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. కుదుపు వచ్చినప్పుడల్లా మాస్కు జారేది. నేను వేగం పెంచాలో తగ్గించాలో తెలియని దారి అది. పెద్దాసుపత్రి గేటు దాటేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. వాళ్లమ్మ నన్నడిగింది, "మొదట వెళ్లిన చోట మందు లేదా బాబూ?" అని. ఆ తల్లికి నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ డాక్టరును నేను తిట్టుకోలేదమ్మా. భయపడ్డాడు, అంతే. కానీ ఆయన భయపడిన రియాక్షన్‌ను ఎదుర్కోవడానికి అడ్రినలిన్, ఆక్సిజన్, సెలైన్, సిస్టర్, అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. మా బండిలో ఏఎస్‌వీ ఉండేది కాదు. అంటే మందు ఉన్న చోటి నుంచి మందు లేని చోటికి ఆ పిల్లవాణ్ణి మేమే తీసుకెళ్లాం. ఆ విరుగుడు ఒంట్లో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుందే తప్ప, విషం అప్పటికే నరాలకు చేసిన నష్టాన్ని వెనక్కి తేలేదని ఆ తర్వాత నువ్వే నాకు చెప్పావు.

మరో పీహెచ్‌సీలో ఒక డాక్టరమ్మను చూశాను. కలుపు తీస్తుంటే రక్తపింజరి కరిచిన ఒక ఆడమనిషిని తీసుకెళ్లాం. డాక్టరమ్మ గాజు గొట్టంలో రక్తం తీసి, కదపకుండా పెట్టి, గడియారం చూసుకుంటూ నిలబడింది. ఇరవై నిమిషాల తర్వాత వంచితే రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారింది, విషం ఎక్కిందని తేలిపోయింది. అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకుని, పది వయల్స్ (చిన్న సీసాలు) ఏఎస్‌వీ సెలైన్‌లో కలిపించి మొదలుపెట్టింది. కాసేపటికి ఆ మనిషికి ఒళ్లంతా దద్దుర్లు, వణుకు. డ్రిప్ ఆపింది, సూది వేసింది, తగ్గాక మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాతే బండి ఎక్కించింది, ఒక స్టాఫ్ నర్సును తోడు పంపింది. కిడ్నీలు దెబ్బతిని కొన్నాళ్లు డయాలసిస్ చేయాల్సి వచ్చినా, సంక్రాంతికి ఆ మనిషి తన ఇంట్లో ఉంది.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. 2030 కల్లా ఈ చావులను సగానికి తగ్గిస్తామని 2024లో కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది జరగాలంటే నీలాంటి వాళ్ల గదుల్లోనే జరగాలి. మా దివిసీమలో బండి ఇంటి ముందుకే వచ్చేది. నీ దగ్గరికి వచ్చేవాళ్లు కొండ మీది నుంచి డోలీలో దిగి, రోడ్డు దగ్గర బండి ఎక్కి వస్తారు. గంటలు అప్పటికే పోయి ఉంటాయి. అక్కడి నుంచి మళ్లీ ఘాట్ రోడ్డు. నువ్వు వేసే మొదటి డోసే వాళ్లకు దారి బత్తెం.

కాలికి తాడు బిగించి తెస్తారు. కంగారులో ఎవరూ దాన్ని ఒక్కసారిగా విప్పకుండా చూడు. మంత్రం వేయించుకుని వచ్చారని కోప్పడకు. విషం లేని పాములే ఎక్కువ, ఉన్నవి కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తాయి, అందుకే మంత్రానికి అంత పేరు. ఆ మంత్రగాడి ఇంటికి ఒకసారి నువ్వే వెళ్లు. "ముందు 108కి ఫోను చేయించు తాతా, ఆ తర్వాత నీ మంత్రం నువ్వు వేసుకో" అని అడుగు. వింటాడు. పై ఆసుపత్రికి పంపేటప్పుడు చీటీ మీద ఎన్ని వయల్స్ వేశావో, ఎన్నింటికి వేశావో రాయి. వాపు ఎంతవరకు వచ్చిందో కాలి మీదే పెన్నుతో గీత గీసి టైము వేయి. ఆ గీత చూసి లోపల డాక్టర్లు ఎంత త్వరగా కదులుతారో గేటు దగ్గర నిలబడి చాలాసార్లు చూశాను.

రాత్రిళ్లు టార్చి లేకుండా క్వార్టర్స్ బయటికి రాకు. మంచం మీదే పడుకో, దోమతెర పరుపు కిందికి దోపు.

నీ దగ్గర గాజు గొట్టాలు అయిపోయాయని, ప్లాస్టిక్‌వి ఆ రక్తం గడ్డకట్టే పరీక్షకు పనికిరావని అన్నావు కదా. విజయవాడ వెళ్లి రెండు డజన్లు కొన్నాను. అమ్మ తన పాత చీర ముక్కల్లో ఒక్కొక్కటీ చుట్టి పెట్టింది. రేపు పార్సిల్ వేస్తాను. అన్నీ కొత్తవే, సబ్బుతో కడగనివ్వకు.

మీ నాన్న