స్తంభాలు లెక్కపెట్టారు, ఆంత్వాన్‌ని వదిలేశారు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఓక్ ఆలీ భవనం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. నేను రిటైరైన సివిల్ ఇంజినీర్ని. హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఇల్లు స్వయంగా చూశాను. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఒక సవరణ. చెరకు తోట యజమాని జాక్ టెలెస్ఫోర్ రోమన్ తన భార్య కోసం ఇంటి ముందున్న ఓక్ చెట్లు నాటించాడని రాశారు. ఇల్లు కట్టింది 1837-39 మధ్య. చెట్లు అంతకు సుమారు వందేళ్ల ముందువి. ఎవరు నాటారో చరిత్రలో పేరు లేదు. రెండు వరుసల్లో 28 చెట్లు, మధ్యలో నది వైపు నుంచి దాదాపు 800 అడుగుల దారి. ఆ దారి చివర ఇల్లు లేపి, చుట్టూ 28 స్తంభాలు నిలబెట్టారు. రోమన్ మామగారు గిల్బర్ట్ జోసెఫ్ పిలియే ప్లాన్ గీశాడని చెబుతారు.

మీ వ్యాసంలో ‘పాలరాతి స్తంభాలు’ అని ఉంది. అవి ఇటుక స్తంభాలండీ. పైన సున్నపు గచ్చు పూశారు. గోడలు కూడా ఇటుకవే, 16 అంగుళాల మందం. ఆ ఇటుకల్ని అక్కడి మట్టితో అక్కడే కోసి కాల్చింది రోమన్ కొనుక్కున్న బానిసలు. నేను వరండాలో ఒక స్తంభానికి ఆనుకుని పైకి చూశాను. రెండంతస్తుల ఎత్తు గుండ్రటి స్తంభాన్ని ఇటుకతో లేపాలంటే ప్రతి వరసకీ తూకం గుండు వదిలి చూసుకోవాలి, చుట్టుకొలత ఎక్కడా తేడా రాకూడదు. ఒక్కటి లేపడమే మంచి తాపీ మేస్త్రికి పరీక్ష. అక్కడ ఇరవై ఎనిమిది ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఇంకొకటి పోతపోసినట్టు. ఆ పని చేసినవాళ్లకి కూలి లేదు, మానేసి వెళ్లిపోయే హక్కు లేదు. ‘రోమన్ కట్టించాడు’ అన్న ఒక్క మాటతో వాళ్లందరినీ దాటేశారు.

ఇంటి ప్లాన్ తెలివైనది, ఒప్పుకోవాలి. నాలుగు వైపులా లోతైన వరండా ఉండడం వల్ల ఎండ గోడకి నేరుగా తగలదు. ముందు నుంచి వెనక దాకా తిన్నగా హాలు, ఎదురెదురుగా పెద్ద తలుపులు. నది మీద గాలి వీస్తే ఇల్లంతా తిరుగుతుంది. ఆ చల్లదనం యజమాని కుటుంబానికే. చెరకు కోతల కాలంలో బానిసలు పగలూ రాత్రీ పొలంలోనూ, బెల్లపు పెనాల వేడిలోనూ ఉండేవాళ్లు. వాళ్ల చెక్క గుడిసెలు నిలవలేదు. ఇప్పుడు అక్కడున్నవి తర్వాత నమూనాగా కట్టినవి. వాటిలో బానిసల పేర్లు రాసి పెట్టారు. చాలామందికి ఇంటిపేరు లేదు, ఒక్క పేరే. నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

ఆ పేర్లలో ఆంత్వాన్ ఒకడు, తోటమాలి. 1846-47 చలికాలంలో పెకాన్ (అక్రోటు లాంటి పప్పు కాయ) చెట్టుకి అంటు కట్టాడు. గింజ నాటితే తల్లిచెట్టు కాయే వస్తుందన్న నమ్మకం లేదు, అంటు కడితేనే వస్తుంది. అంతకుముందు ప్రయత్నించినవాళ్లకి కుదరలేదు. పల్చటి పెంకు కాయ కాసే మంచి చెట్టు కొమ్మ తీసుకుని ఆంత్వాన్ 16 చెట్లకి అంటు కట్టాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసేనాటికి అవి 126 అయ్యాయి. 1876లో అమెరికా స్వాతంత్ర్యానికి వందేళ్లయిన సందర్భంగా ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో ఆ కాయకి బహుమతి వచ్చింది, ‘సెంటెనియల్’ (శతాబ్ది) అని పేరు పెట్టారు. ఈనాటి పెకాన్ తోటల వ్యాపారానికి మొదలు అదే. 1848లో రాసిన ఆస్తుల జాబితాలో మాత్రం ఆంత్వాన్ ఇలా ఉన్నాడు: వయసు 38, పెకాన్ అంటు కట్టడంలో నిపుణుడు, విలువ 1,000 డాలర్లు. కుర్చీలూ ఎడ్లూ రాసినట్టే మనిషినీ రాశారు. ఇది చదివినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది.

ఇలాంటి ఇళ్లు ఉండకూడదనేవాళ్లూ ఉన్నారు. 2025 మేలో అదే రాష్ట్రంలోని నాటోవే భవనం కాలిపోయినప్పుడు సంతోషించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధని నేను తప్పు పట్టను. కానీ నాకు దిగులేసింది. ఆ గోడలు యజమాని డాబు కోసం కట్టినవే అయినా, కట్టినవాళ్ల చేతిపనికి ఈరోజు మిగిలిన సాక్ష్యం అవే. తాపీ పని చేసినవాళ్లు కాగితాల్లో లేరు, గోడల్లోనే ఉన్నారు.

మీకు రెండు విన్నపాలు. చెట్ల సంగతీ, స్తంభాల సంగతీ సవరణ వేయండి. వీలైతే, ఓక్ ఆలీకి కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్న విట్నీ అనే పాత తోట గురించి ఒక వ్యాసం రాయించండి. 2014 డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. అక్కడ యజమాని వైభవం కన్నా బానిసల జీవితమే ముఖ్యంగా చెబుతారు. సెలవుల్లో ఓక్ ఆలీకి వెళ్లి చెట్ల కింద ఫొటోలు దిగి వచ్చేస్తున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అదే రోజు విట్నీ కూడా చూడొచ్చని మీ పత్రిక చెబితే వింటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత సివిల్ ఇంజినీర్