చరిత్ర విభాగం వార్షిక నివేదిక: సెర్బియా సైనికుడి దారిలో

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

వియన్నాలోని మన తెలుగు సంఘం చరిత్ర విభాగం ఈ ఏడాది ఏమేం చేసిందో సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. పోయినసారి సమావేశంలో ఎక్కువమంది కోరిన మీదట ఏడాది పొడుగునా ఒకే అంశం మీద కూర్చున్నాం. అది మొదటి ప్రపంచ యుద్ధంలో సెర్బియా సైన్యం. మనకెందుకు ఈ విషయం అని మొదట్లో కొందరు అడిగారు. 1914 జులై 28న సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది మనం ఉంటున్న ఈ ఊరే. ఒట్టాక్రింగ్‌లోనూ ఫవోరిటెన్‌లోనూ మన పొరుగువాళ్లలో, మన పిల్లలతో కలిసి బడికి వెళ్లేవాళ్లలో సెర్బు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లకు వెళ్లినప్పుడు షాయ్‌కాచా టోపీ పెట్టుకున్న ముత్తాత ఫోటో గోడ మీద కనిపిస్తుంది. ఆ ఫోటోలోని మనిషి ఏం పడ్డాడో తెలుసుకోకుండా పక్కపక్కనే బతకడం మాకు సబబుగా అనిపించలేదు.

వసంతంలో ఆర్సెనల్‌లోని సైనిక చరిత్ర మ్యూజియంతో మొదలుపెట్టాం. సరయేవోలో ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్యకు గురైనప్పుడు ఎక్కిన కారు, ఆయన ఒంటిమీది రక్తపు మరకల యూనిఫారం అక్కడే ఉన్నాయి. బడి పుస్తకాల్లో మనం చదువుకున్న కథ దాదాపు ఆ కారు దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ఒక చిన్న దేశపు రైతుల మీద పడిన భారం గురించి మనకు ఎవరూ చెప్పలేదు. మా నెలవారీ సమావేశాలన్నీ ఆ లోటు తీర్చడానికే.

అప్పటి సెర్బియా జనాభా సుమారు 45 లక్షలు. ఎదురుగా ఉన్న ఆస్ట్రియా-హంగరీలో 5 కోట్ల పైచిలుకు జనం. పైగా సెర్బియా అప్పటికే 1912, 1913లలో వరసగా రెండు బాల్కన్ యుద్ధాలు చేసి అలసిపోయి ఉంది. తుపాకులు చాలవు, ఫిరంగి గుండ్లు చాలవు. సైన్యంలో వయసును బట్టి మూడు శ్రేణులు ఉండేవి. మొదటి శ్రేణి కుర్రాళ్లకు యూనిఫారం దొరికింది. మూడో శ్రేణిలోని నడివయసు వాళ్లు పొలానికి వెళ్లే బట్టలతోనే, కాళ్లకు ఒపాంకి అనే తోలు చెప్పులు కట్టుకుని యుద్ధానికి వచ్చారు. కోత ముగియకముందే మగవాళ్లంతా వెళ్లిపోతే ఆ ఏడు పంట ఇంటికి చేర్చింది ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లే. చదువురాని ఆ సైనికులకు దేశచరిత్ర గుస్లే వాద్యం మీద పాడే వీరగాథల్లోంచే తెలుసు. మన పల్లెల్లో పల్నాటి వీరుల కథ విన్నట్టు వాళ్లు 1389 నాటి కొసోవో యుద్ధం కథ వింటూ పెరిగారు.

సేనాధిపతి రాడోమిర్ పుత్నిక్ కథ సభ్యులకు బాగా నచ్చింది. యుద్ధం ముంచుకొచ్చేసరికి ఆయన వైద్యం కోసం ఎక్కడో కాదు, ఆస్ట్రియాలోనే ఒక స్నానతీర్థంలో ఉన్నారు. తిరిగి వెళ్తుంటే బుడాపెస్ట్‌లో పట్టుకున్నారు. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పెద్దమనసుతో వదిలేయమన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం దిగలేని ఆ పెద్దాయనే తర్వాత గదిలో కూర్చుని ఆస్ట్రియా సేనలను రెండుసార్లు వెనక్కి కొట్టించారు.

మొదటిది ఆగస్టులో సెర్ కొండ మీద. స్టెపా స్టెపానోవిచ్ నడిపిన ఈ యుద్ధమే మిత్రపక్షాలకు మొట్టమొదటి విజయం. అదే నెలలో పశ్చిమాన మాచ్వా ప్రాంతంలో ఆస్ట్రియా-హంగరీ సైనికులు ఊళ్ల మీద పడి ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ పిల్లలనూ చంపారు. స్విట్జర్లండ్‌లోని లౌసాన్ నుంచి వచ్చిన నేరపరిశోధన నిపుణుడు ఆర్కిబాల్డ్ రైస్ ఊరూరా తిరిగి సాక్ష్యాలు సేకరించారు. తర్వాత ఆయన సెర్బియాలోనే స్థిరపడి 1929లో బెల్‌గ్రేడ్‌లో కన్నుమూశారు.

రెండోది కొలుబారా నది దగ్గర. నవంబరులో శత్రువు మళ్లీ వచ్చాడు. గుండ్లు అయిపోయాయి, సైనికులు ఇళ్లకు జారిపోతున్నారు. మొదటి సైన్యం పగ్గాలు అందుకున్న ఝివోయిన్ మిషిచ్ పైవాళ్లకు ఇష్టం లేకపోయినా తన దళాలను బాగా వెనక్కి తీసుకెళ్లి, తిండి పెట్టి, నిద్రపోనిచ్చారు. దానివల్ల డిసెంబరు 2న బెల్‌గ్రేడ్ చేజారింది. ఈలోగా ఫ్రాన్స్ నుంచి గుండ్లు చేరాయి. డిసెంబరు 3న ఎదురుదాడి మొదలై, 15 నాటికి బెల్‌గ్రేడ్ మళ్లీ వాళ్లదైంది. 40 వేల మందికి పైగా బందీలయ్యారు. అలసిన మనిషికి ముందు విశ్రాంతి కావాలని ఒక సేనాపతి గుర్తించడం, దాని కోసం రాజధానినే వదులుకోవడం ఈ యుద్ధంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది. ఆ సమావేశం రాత్రి పొద్దుపోయేదాకా సాగింది.

గెలుపు వెంటనే జబ్బు వచ్చింది. బందీలతో, గాయపడినవాళ్లతో కిక్కిరిసిన వాల్యెవోలో టైఫస్ పుట్టి దేశమంతా పాకింది. లక్షన్నర వరకు జనం పోయారని అంచనా. దేశంలో ఉన్నదే 400 మంది డాక్టర్లు, వాళ్లలోనూ వందమందికి పైగా పోయారు. చిత్రకారిణి నదేజ్దా పెత్రోవిచ్ వాల్యెవో ఆస్పత్రిలో నర్సుగా సేవచేస్తూ 1915 ఏప్రిల్‌లో అదే జబ్బుతో మరణించారు. ఈ అంశం మీద మన సభ్యురాలైన డాక్టరు గారు మాట్లాడారు. పేను వల్ల టైఫస్ ఎలా వ్యాపిస్తుందో చెప్పి, దానికి అప్పుడు కనిపెట్టిన ఉపాయాన్ని బొమ్మ గీసి చూపించారు. ఒక పీపా తీసుకుని అడుగున కన్నాలు పెడతారు. దాన్ని నీళ్లు మరుగుతున్న కాగు మీద కూర్చోబెట్టి, లోపల బట్టలు వేలాడదీసి మూత బిగిస్తారు. ఆవిరికి పేలూ ఈపులూ చస్తాయి. పీపా, కాగు, కట్టెలు ఉంటే చాలు, ఏ పల్లెలోనైనా చేసుకోవచ్చు. దీనికి సెర్బియన్ పీపా అనే పేరే నిలిచిపోయింది.

స్కాట్లండ్ నుంచి మహిళా ఆస్పత్రుల దళాలను పంపిన డాక్టర్ ఎల్సీ ఇంగ్లిస్ 1864లో మన నైనితాల్‌లో పుట్టారు. బ్రిటన్ యుద్ధ శాఖ ఆవిడను ఇంట్లో కూర్చోమంటే, సహాయం కావాలన్న దేశాల దగ్గరికి వెళ్లారు. 1915లో శత్రువు వచ్చిపడినప్పుడు కూడా రోగులను వదలకుండా క్రూషెవాత్స్‌లోనే ఉండి బందీ అయ్యారు. ఆవిడ మీద మన యువజన విభాగం చిన్న ప్రదర్శన తయారుచేసింది. దీపావళి సంబరాల్లో దాన్ని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

ఇక 1915 శీతాకాలం. అక్టోబరులో ఉత్తరం నుంచి జర్మన్ సేనాని మాకెన్సెన్ నాయకత్వంలో జర్మన్, ఆస్ట్రియా-హంగరీ సేనలు, తూర్పు నుంచి బల్గేరియా ఒకేసారి విరుచుకుపడ్డాయి. దక్షిణ దారి మూసుకుపోయింది. లొంగిపోవడమా, కొండలు దాటి సముద్రం చేరడమా అన్న రెండే దారులు మిగిలాయి. లొంగబోమని నిర్ణయించుకుని నవంబరు చివర్లో సైన్యం, ప్రభుత్వం, వెంట పౌరులు కొసోవో మీదుగా అల్బేనియా, మాంటెనెగ్రో కొండల్లోకి బయల్దేరారు. బండ్లు పోని దారులు కాబట్టి పేచ్ దగ్గర ఫిరంగులు పగలగొట్టారు, కొన్ని పాతిపెట్టారు. డెబ్బై దాటిన రాజు పీటర్ ఎడ్లబండి మీద వచ్చాడు. నడవలేని పుత్నిక్‌ను చెక్కతో చేసిన మూత పల్లకీలో కూర్చోబెట్టి మంచు కనుమల్లో సైనికులే భుజాల మీద మోశారు. ఒకవైపు లోయ, కాలు జారితే మోసేవాళ్లూ మోయబడేవాడూ కలిసి పోతారు. శత్రువుకు చిక్కకూడదని ఇంకా సైనికులు కాని కుర్రాళ్లను వేల సంఖ్యలో వెంట తీసుకొచ్చారు. ఆకలికీ చలికీ ఎక్కువగా రాలిపోయింది వాళ్లే. కొలుబారాలో చిక్కిన బందీలు కూడా ఇదే దారిలో నడిచారు. బతికి తీరం చేరినవాళ్లను ఇటలీకి చెందిన అసినారా దీవికి తరలిస్తే, అక్కడా వేలమంది పోయారు. ఆ బందీల్లో ఈ ఊరివాళ్లు ఉండి ఉంటారన్న మాట సమావేశంలో అందరినీ కదిలించింది.

దారిలో కొన్ని అల్బేనియన్ తెగలు వీళ్ల మీద దాడిచేశాయి. ఎందుకు చేశాయో చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. 1912-13లో కొసోవోలో, మాసిడోనియాలో సెర్బియా సైన్యం అల్బేనియన్ పల్లెలను తగలబెట్టింది, జనాన్ని చంపింది. బాల్కన్ యుద్ధాల మీద కార్నెగీ సంస్థ నియమించిన కమిషన్ 1914లో వెలువరించిన నివేదికలో ఈ ఘోరాలు నమోదయ్యాయి. మూడేళ్ల తర్వాత ఆ సైన్యమే ఆకలితో అదే జనం గుమ్మాల ముందునుంచి వెళ్లాల్సి వచ్చింది. ఈ సంగతి చదివి వినిపించిన రోజు మన సెర్బు అతిథులు కూడా ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన, ఇది మా ఇళ్లలో చెప్పరు, చెప్పాలి అన్నారు. ఆయన ధైర్యానికి విభాగం తరఫున కృతజ్ఞతలు.

తీరం చేరిన లక్షన్నర మంది వరకు సైనికులను 1916 మొదట్లో మిత్రపక్షాల ఓడలు ఎక్కువగా కార్ఫు దీవికి చేర్చాయి. చేరాక కూడా చావు ఆగలేదు. పక్కనున్న చిన్న వీడో దీవిని ఆస్పత్రిగా మార్చారు. పాతిపెట్టడానికి చోటు చాలక వేల శవాలను సముద్రంలో వదిలారు. ఆ నీటి సమాధి మీద కవిత రాసిన మిలుటిన్ బోయిచ్ కూడా మరుసటి ఏడాది పాతికేళ్లకే సలోనికాలో, అంటే ఇప్పటి గ్రీసు నగరం థెస్సలొనీకిలో, క్షయతో పోయాడు. అయినా దేశమే లేని ఆ సైన్యం నెలల్లోనే మళ్లీ నిలబడింది. ఫ్రెంచి తుపాకులు, ఫ్రెంచి హెల్మెట్లతో సలోనికా యుద్ధరంగానికి వెళ్లి, 1916 సెప్టెంబరులో 2,521 మీటర్ల కైమాక్‌చాలన్ శిఖరాన్ని, నవంబరు 19న మాసిడోనియాలోని బిటోలా పట్టణాన్ని గెలుచుకుంది. రైస్ కోరిక ప్రకారం ఆయన గుండెను తర్వాత ఆ శిఖరం మీదే ఉంచారు.

మహిళా విభాగంతో కలిసి జరిపిన సాయంత్రం మిలుంకా సావిచ్ గురించి. తమ్ముడి బదులు మగవేషంలో బాల్కన్ యుద్ధానికి వెళ్లిన పల్లెటూరి అమ్మాయి ఆవిడ. గాయపడ్డాకే అసలు సంగతి బయటపడింది. అయినా పోరుతూనే ఉంది. సెర్బియా కరాజార్జె స్టార్‌తోపాటు ఫ్రాన్సు పెద్ద పతకాలూ అందుకుంది. యుద్ధం తర్వాత బెల్‌గ్రేడ్‌లో ఒక బ్యాంకులో ఊడ్చి తుడిచే పని చేసుకుంటూ అనాథ పిల్లలను పెంచింది. 1973లో మరణిస్తే, గొప్పవాళ్ల వరుసలో సమాధి దక్కింది 2013లో. నలభై ఏళ్ల ఆ ఆలస్యం మన ఆడవాళ్లకు కోపం తెప్పించింది, తెప్పించాల్సిందే.

ఇంకోమాట. 1914 ఆగస్టులో ఆస్ట్రియా సైనికుల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకుని ఎనిమిదేళ్లకే ఫిరంగి దళంలో చేరిన మొమ్చిలో గావ్రిచ్ కథను శనివారం తెలుగు బడి పిల్లలకు చెబుదామన్న ప్రతిపాదన వచ్చింది. పసివాడి చేతికి తుపాకి వచ్చిన కథను వీరగాథలా చెప్పడం మాకు ఇష్టం లేదు. ముందు తల్లిదండ్రులతో మాట్లాడి, పెద్ద తరగతి పిల్లలకు మాత్రమే, ఆ కుటుంబానికి జరిగిన అన్యాయం కేంద్రంగా చెప్పించాం.

శరదృతువులో థెస్సలొనీకి యాత్ర చేశాం. ఊళ్లో ఉన్న జైటెన్లిక్ శ్మశానంలో ఏడు వేల మందికి పైగా సెర్బు సైనికులు ఉన్నారు. ఎత్తైన సైప్రస్ చెట్ల మధ్య తెల్లని రాతి శిలువలు, ప్రార్థనా మందిరం కింద అస్థికల గది, గోడల నిండా పేర్లు. ఈ చోటును ఒకే కుటుంబం మూడు తరాలుగా కాపాడింది. యుద్ధంలో పోరాడిన సావో మిహైలోవిచ్, ఆయన కొడుకు, ఆపై మనవడు జార్జె. జార్జె మిహైలోవిచ్ 2023లో కన్నుమూసేదాకా ఇక్కడికి వచ్చేవాళ్లకు ఈ సైనికుల గురించి చెబుతూనే ఉన్నారు. మేం వెళ్లినరోజు ఒక సెర్బు కుటుంబం సొంత ఊరి మట్టి పొట్లం తెచ్చి శిలువ మొదట్లో చల్లింది. చిన్న సీసాలోంచి కొంచెం రాకియా అనే పళ్ల సారా వంపి, మిగతాది అక్కడున్నవాళ్లందరికీ తలా ఒక గుక్క ఇచ్చారు. మనవాళ్లూ కాదనలేదు. ఆ మధ్యాహ్నమే అదే ఊళ్లో మొనాస్టిర్ రోడ్డు భారతీయ శ్మశానానికీ వెళ్లి, బ్రిటిష్ సేనలతో వచ్చి అక్కడే తనువు చాలించిన మన సిపాయిలకు పూలు పెట్టాం.

1918 గురించి క్లుప్తంగా. సెప్టెంబరు 15న దొబ్రో పోలె దగ్గర మిత్రసేనలు బల్గేరియా రక్షణ పంక్తిని ఛేదించాయి. అప్పటికి సర్వసేనాధిపతి కార్యాలయానికి అధిపతి మిషిచ్చే. నవంబరు 1న సెర్బియా సైనికులు బెల్‌గ్రేడ్‌లో అడుగుపెట్టారు. ఇంటికి చేరినవాళ్లలో చాలామందికి ఇల్లే లేదు. మొత్తం మృతుల లెక్కలు ఏడు లక్షల నుంచి పన్నెండు లక్షల దాకా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. తక్కువ అంచనా తీసుకున్నా ప్రతి ఆరుగురిలో ఒకరు.

చివరి సమావేశంలో ఒక సభ్యుడు స్రెబ్రెనిత్సా సంగతి ఎత్తారు. 1995 జులైలో బోస్నియా సెర్బు సైన్యం అక్కడ దాదాపు 8 వేల మంది బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) పురుషులనూ బాలురనూ చంపింది. అంతర్జాతీయ న్యాయస్థానాలు దాన్ని జాతిహననంగా తేల్చాయి. అది 1914 నాటి సైన్యం కాదు, కాలమూ వేరు. కానీ మన పొరుగున బోస్నియాక్ కుటుంబాలూ ఉన్నాయి. పాత సైనికుల కష్టాన్ని ఈ నేరానికి అడ్డుపెట్టే మాటలు మన వేదిక మీద వినిపించకూడదని తీర్మానించాం. ఓటింగ్ అవసరం రాలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. థెస్సలొనీకి యాత్ర ఖర్చు వెళ్లినవాళ్లే పెట్టుకున్నారు, సంఘం నిధి ముట్టుకోలేదు. హాలు ఇచ్చిన పొరుగు సంఘానికి, పులిహోర, పెరుగన్నం వండి తెచ్చిన వాళ్లకు ధన్యవాదాలు.

వచ్చే ఏడాది అసినారా బందీల వెంట వెళ్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఎర్డ్‌బెర్గ్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనంలో యుద్ధ దస్తావేజుల విభాగం ఉంది. ఆ కాలపు జర్మన్ చేతిరాతను కుర్రెంట్ లిపి అంటారు, అది చదవగలిగినవాళ్లు మనకు అత్యవసరం. మీకు వచ్చినా, మీ ఇంట్లో జర్మన్ నేర్చుకుంటున్న పిల్లలకు ఆసక్తి ఉన్నా, ఈ సమావేశం ముగిసేలోగా పేర్లు కార్యదర్శి దగ్గర రాయించండి. శిక్షణ ఏర్పాట్లు విభాగమే చూస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి, చరిత్ర విభాగం