హీటర్ దగ్గర నుంచి తీసెయ్యి, చిన్నీ

బెంగళూరు,
నవంబర్ 12

చిన్నీ,

నువ్వింకా నిద్రలో ఉంటావు. లేవగానే ఇది చదివి, ఆ తర్వాతే కాఫీ పెట్టుకో.

ఇందాక ఫోన్లో నీకు తప్పు చెప్పాను. కుండీలో మట్టి తిరగేస్తుంటే బొద్దు తుమ్మెద బయటపడిందని, చచ్చిందనుకుని అరచేతిలో పెట్టుకుంటే కాలు కదిపిందని నువ్వనగానే, "అయ్యో, చలికి కొయ్యబారిపోయిందే, హీటర్ దగ్గర పెట్టు" అనేశాను. ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోక చదివాను. దాన్ని కాపాడేది ఆ చలేనట.

అది బంబుల్‌బీ రాణి అయ్యుంటుంది. తేనెటీగలైతే తుట్టెలో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, దాచుకున్న తేనె తింటూ చలికాలం నెట్టుకొస్తాయి. వీటికి అంత నిల్వ ఉండదు. ముసలి రాణి, పనిచేసే ఈగలు, మగవి అన్నీ చలి ముదిరేలోపే పోతాయి. ఆ ఏడు పుట్టి జతకట్టిన కొత్త రాణులు మాత్రం కడుపునిండా మకరందం తాగి, ఒంటికి కొవ్వు పట్టించుకుని, దేనికది విడిగా బెత్తెడు లోతు మట్టిలో దూరి నెలల తరబడి పడుకుంటాయి. ఒంట్లో నీరు గడ్డకట్టకుండా గ్లిసరాల్ అనే చిక్కటి ద్రవం కాపాడుతుంది.

నాకు ఆశ్చర్యమనిపించిందేంటంటే, అవి ఎక్కువగా ఉత్తరం వైపు గట్లనే ఎంచుకుంటాయట, ఎండ తగలని చోటు. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసి వెచ్చబడి లేస్తే బయట ఒక్క పువ్వుండదు, ఉన్న కొవ్వేమో కరిగిపోతుంది. హీటర్ పక్కనా జరిగేది అదే కదా తల్లీ.

అది లేచి తిరుగుతుంటే చెంచాలో రెండు చుక్కలు చక్కెర నీళ్ళు పెట్టు. తేనె వద్దు, అందులోంచి జబ్బులు అంటుకోవచ్చు. తర్వాత నీడపట్టున కుండీలో వదులు మట్టి కప్పి, పైన ఎండుటాకులు వెయ్యి. వానకి తడిసినా టెన్షన్ పడకు. మీ కెనడాలో, ఒంటారియోలోనే, గ్వెల్ఫ్ యూనివర్సిటీలో, ఫ్రిజ్‌లో నిద్రపోతున్న రాణుల గొట్టాల్లోకి పొరపాటున నీళ్ళు చేరాయట. పోయాయనుకున్నవి బతికే ఉన్నాయి! తర్వాత కావాలనే ముంచి చూస్తే, వారం రోజులు నీళ్ళలో ఉన్నవాటిలోనూ చాలావరకు బతికాయని 2024లో ప్రచురించారు.

మన బాల్కనీలో బట్టలారేసే వెదురుగెడ గుర్తుందా? నల్ల తుమ్మెద కన్నం తొలిచి, తువ్వాళ్ళ మీద పొట్టు రాలుస్తోందని నేను పారేయబోతే, నువ్వు ఏడ్చి ఆపావు. అది వేరే జాతి, మన ఊరి చలికి మట్టిలో దూరే అవసరం దానికి లేదు. ఆ గెడ ఇంకా అక్కడే ఉంది. పొద్దున కన్నంలో వేలు పెట్టి చూశాను.

మంచు కరిగాక నేలకు దగ్గరగా జుమ్మంటూ తిరిగే పెద్ద ఈగ కనిపిస్తే అది రాణే. ఎలుక వదిలేసిన బొరియ లాంటిది వెతుక్కుని, మైనంతో చిన్న తేనెగిన్నె చేసి పెట్టుకుని, గుడ్ల మీద కోడిలా పొదుగుతుంది. అప్పుడు కావలసిన వేడి, రెక్కల కండరాలు వణికించి తనే పుట్టిస్తుంది.

కప్పాక కుండీ ఫోటో పంపు. నువ్వు మాత్రం స్వెట్టర్ వేసుకునే బయటికి వెళ్ళు.

అమ్మ