చీమకుర్తి మేస్త్రి విద్య ఏ లెక్కలోకి వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో జ్ఞాన ఆర్థిక వ్యవస్థ మీద, అంటే తెలివీ నైపుణ్యమే పెట్టుబడిగా నడిచే ఆర్థిక వ్యవస్థ మీద వచ్చిన పెద్ద వ్యాసం చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, మా యూనిట్‌లో మిషన్ ఆగిపోయి నాలుగు రోజులు ఆ టెన్షన్‌తోనే గడిచాయి. ఈ ఉత్తరం రాయించింది కూడా ఆ మిషనే.

వ్యాసంలో ఇంటర్నెట్ వేగం ఉంది, ఏఐ ఉంది, డేటా సెంటర్లున్నాయి. వాటితో పనిచేయాల్సిన మనిషి గురించి చివర్లో ఒకే ఒక్క వాక్యం, యువత నైపుణ్యాలు పెంచుకోవాలని. ఎక్కడ పెంచుకోవాలి? ఎవరు నేర్పుతారు? జ్ఞాన ఆర్థిక వ్యవస్థకు నాలుగు స్తంభాలుండాలని ప్రపంచ బ్యాంకు ఏనాడో చెప్పింది. చదువూ పనితనమూ ఉన్న జనం, సమాచార సాంకేతికత, కొత్తవి కనిపెట్టే సంస్థలు, వీటికి దన్నుగా నిలిచే ప్రభుత్వ విధానాలు. మీ వ్యాసం రెండో స్తంభం చుట్టూనే తిరిగింది.

మాది చీమకుర్తి. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద 20 కిలోమీటర్ల పైచిలుకు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ మా ఊరిదే. మా దగ్గర ఒక మేస్త్రి ఉన్నాడు. ఐదో తరగతితో బడి మానేశాడు. క్వారీ నుంచి పెద్ద రాతి దిమ్మె రాగానే సుత్తితో నాలుగు వైపులా తట్టి, చెవి పెట్టి వింటాడు. గణగణమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల ఎక్కడో బీట ఉన్నట్టు. తర్వాత బకెట్‌తో నీళ్లు చల్లి పక్కనే నిలబడతాడు. ఎండకు రాయంతా ఆరిపోయాక, బీట ఉన్నచోట వెంట్రుకంత తడి గీత మిగులుతుంది. దానికి సుద్దముక్కతో గుర్తు పెడతాడు. ఆ గుర్తును బట్టి కోస్తే పలకలు నిలుస్తాయి. లేకపోతే సగం రాయి ముక్కలవుతుంది. ఇది జ్ఞానం కాదా? ఏ సర్టిఫికెట్‌లో ఉంది?

ఇక మిషన్ సంగతి. అప్పు చేసి సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే కటింగ్ మిషన్ పెట్టాం. పోయిన సోమవారం స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో ఏదో అలారం నంబర్ వచ్చి ఆగిపోయింది. బెంగళూరు నుంచి టెక్నీషియన్ వచ్చేసరికి గురువారం. మూత విప్పి, ఒక సెన్సార్ కేబుల్ కనెక్టర్‌లో చేరిన రాతి బురద తుడిచి, ఆరబెట్టి బిగించాడు. ఇరవై నిమిషాల పని! దానికి ఆయన ప్రయాణ ఖర్చులు, నాలుగు రోజుల ఉత్తి కూలి, ఆలస్యమైన ఆర్డర్.

మా దగ్గర ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్ పాసైన కుర్రాడు ఉన్నాడు. బుద్ధిమంతుడు, కష్టపడతాడు. రెండేళ్ల చదువులో సీఎన్‌సీ మిషన్ బొమ్మ చూశాడే తప్ప దాని మీద చెయ్యి పెట్టలేదు. ఉన్న ఒక్క లేత్ దగ్గర ఇరవై మంది వంతులు వేసుకునేవారట. ఇన్‌స్ట్రక్టర్ బదిలీ అయితే ఆరు నెలలు ఎవరూ రాలేదట. థియరీ పరీక్ష మాత్రం కంప్యూటర్ మీదే రాయించారు. చేతికి పనిముట్టు ఇవ్వకుండా పరీక్షను ఆన్‌లైన్ చేసినంత మాత్రాన డిజిటల్ శిక్షణ అయిపోతుందా?

జర్మనీలో అప్రెంటిస్ వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు బడిలో ఉంటాడు. మనకూ అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నుంచే ఉంది. 30 మందికి తగ్గకుండా పనివాళ్లున్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. ఎన్ని చోట్ల తీసుకుంటున్నారో అధికారులు అడగరు, మేమూ చెప్పం. ఇందులో మా యజమానుల తప్పు లేదనను. నేర్చుకున్నాక పక్క యూనిట్‌కు వెళ్లిపోతాడన్న భయంతో ఎవరికీ నేర్పం. తర్వాత పనివాళ్లు దొరకడం లేదని సంఘం మీటింగుల్లో గొడవపడతాం.

2024 జూన్‌లో ముఖ్యమంత్రిగా చంద్రబాబు తొలి సంతకాలు పెట్టిన ఫైళ్లలో, ఎవరికి ఏ పని వచ్చో లెక్కగట్టే నైపుణ్య గణన ఒకటి. మంచి ఆలోచన. కానీ ఇలాంటి మేస్త్రిని ఏ గడిలో రాస్తారు? 'ఐదో తరగతి, కూలీ' అని రాస్తే ఆయన ముప్పై ఏళ్ల విద్య లెక్కలోంచి పోయినట్టే. ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు ఇచ్చే ఆర్‌పీఎల్ పథకం కేంద్రానిదే ఉంది. దాన్ని హోటల్ హాల్లో కుర్చీలు వేసి కాకుండా చీమకుర్తి క్వారీల్లో, రాయి ముందు నిలబెట్టి నిర్వహించమని అడుగుతున్నాను. సర్టిఫికెట్ ఇచ్చి, ఐటీఐలో వారానికి రెండు రోజులు పాఠం చెప్పడానికి ఆయన్నే పిలవండి, జీతం ఇచ్చి.

పేరులోనే నాలెడ్జ్ ఉన్న ట్రిపుల్ ఐటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) క్యాంపస్ కూడా 2016లో ఒంగోలుకు మంజూరైంది. ఆ పిల్లలు కెమెరాతో రాతి బీటలు పసిగట్టే ప్రోగ్రామ్ రాయలేరా? రాయగలరు. అయితే ఏది బీటో, ఏది ఉత్తి గీతో వాళ్లకు చూపించాల్సింది మా మేస్త్రే.

మీ విలేకరిని ఒకసారి పంపండి. ఎండ బాగా కాసే రోజున, ఉదయం పదింటికల్లా వస్తే మా మేస్త్రి నీళ్లు చల్లి రాయి చూడటం కళ్లారా చూడొచ్చు.

ఇట్లు,
గ్రానైట్ కటింగ్ యూనిట్ నిర్వాహకుడు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా