రెండు డిస్కులు ఒక్కతీరుగున్నా ఒక్కటి కావు

ఎడిటర్ గారికి నమస్తే,

మాది నల్గొండ, ఇక్కడ ఒక ప్రైవేటు ఆఫీసుల సర్వర్లు చూసుకుంట. మూడు సర్వర్ల డిస్కులు కలిపి ఒక్క స్టోరేజీ లెక్క వాడుకునే వీఎంవేర్ వీశాన్ అనే సాఫ్ట్‌వేర్ నడిపిస్తున్నం. ఇన్‌స్టాల్ చేయనీకి హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లగాడు బస్సు పోతదని ఆగమాగం చేసిండు, డిస్కుల లిస్టుల రెండు ఎస్‌ఎస్‌డీలు 480 జీబీవే కనబడితే మొదటిదాని మీద ఎంటర్ కొట్టిండు. అంతే, ఎక్కువ డేటా రాతలు తట్టుకునే ఖరీదైంది బూట్‌కు (సర్వర్ స్టార్ట్ అయ్యేటందుకు) పాయె, చవకది క్యాష్‌కు (డేటా ముందుగాల వచ్చి పడే డిస్కు) వచ్చె. బూట్‌కు అంత అవసరమా సార్, 32 జీబీ ఉంటే నడుస్తది. క్యాష్ మీద మాత్రం రాసే ప్రతి ముక్కా ముందు పడుతది.

ఏడాది తిరగకముందే ఆ క్యాష్ డిస్కు చచ్చిపోయింది. వీశాన్ పాత పద్ధతిల ఒక డిస్క్ గ్రూపుకు క్యాష్ ఒక్కటే, దాని కింద 7 డిస్కుల దాకా ఉంటయి, క్యాష్ పోతే కిందివి మంచిగున్నా గ్రూపంతా పడుకుంటది. ఇంకో సర్వర్‌ల కాపీ ఉండబట్టి డేటా దక్కింది, నా నిద్ర మాత్రం దక్కలే.

కొటేషన్‌ల 'ఎస్‌ఎస్‌డీ 480 జీబీ - 2' అని రాస్తే సరిపోదు, రోజుకు ఎంత రాత తట్టుకుంటదో, ఏది బూట్‌కో ఏది క్యాష్‌కో రాయించున్రి. ఇన్‌స్టాలర్‌ల ఎఫ్1 నొక్కితే డిస్కు వివరాలు వస్తయి, మోడల్ చూసినంకనే ముందుకు పోవాలె. మేమైతే ఇప్పుడు సీరియల్ నంబర్లు స్టిక్కర్ మీద రాసి సర్వర్ ముంగట అతికించినం.

- ఒక పాఠకుడు, నల్గొండ