ఒకే అవసరానికి మూడు బిల్లులు: డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి నమస్కారాలు.

హైదరాబాద్‌లోని మీ కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో మా అమ్మకు డయాలసిస్ జరుగుతోంది. "స్టాక్ లేదు, బయట కొనుక్కోండి" అంటే గత నెల అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి డయలైజర్లు (డయాలసిస్‌లో రక్తాన్ని వడకట్టే ఫిల్టర్లు) కొన్నాం.

సమాచార హక్కు కింద తీసుకున్న కాగితాల్లో మీ ఆసుపత్రి అదే రకం డయలైజర్లను కొన్న మూడు బిల్లులున్నాయి. ఒకే షాపు, ఒకే తేదీ, వరుస నంబర్లు. ఒకే కొనుగోలును మూడు ముక్కలు చేసినట్టుంది. ధర మేం కొన్నదానికన్నా ఎక్కువ. అత్యవసరానికి చిన్న కొనుగోళ్లు తప్పవు, ఒప్పుకుంటాను. ప్రతి నెలా వచ్చే అవసరం అత్యవసరం ఎలా అవుతుంది? పోటీ బిడ్డింగ్‌ను, పై అధికారుల అనుమతిని తప్పించుకోవడానికి కొనుగోలును ముక్కలు చేయకూడదని కేంద్ర ప్రభుత్వ ఖర్చులకు వర్తించే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 157వ నిబంధన చెబుతోంది.

నా రెండు వినతులకూ జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. ఈ ఏడాది బిల్లులన్నీ ఆడిట్ చేయించి, నివేదికను బయటపెట్టండి. డయాలసిస్ సామగ్రికి ఏడాదికి ఒకే టెండర్ పిలవండి.

ఇట్లు,
ఒక రోగి కుమార్తె