కనుమ నాడు మా నాన్నగారిని కాపాడినవారికి కృతజ్ఞతలు

మొన్న కనుమ పండుగనాడు భోజనాల దగ్గర మా నాన్నగారి గొంతులో గారె ముక్క అడ్డుపడి ఊపిరి ఆడని స్థితి వచ్చినప్పుడు, తమ విస్తళ్ల ముందు నుంచి లేచి పరుగున వచ్చి ఆయన ప్రాణం నిలబెట్టినవారందరికీ మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. ఆయన ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

ముందుగా మా పక్కింటి కోడలుగారికి నమస్కారాలు. స్టాఫ్ నర్సుగా పనిచేసే ఆవిడ ఆ రోజు ఇంట్లో ఉండటం మా అదృష్టం. నాన్నగారు దగ్గలేదు, కేక వేయలేదు. గొంతు పట్టుకుని మా వంక చూస్తుండగానే పెదవులు నల్లబడసాగాయి. ఒకరు మంచినీళ్లు పట్టబోతుంటే, మరొకరు నోట్లో వేలు పెట్టబోతుంటే ఆవిడ ఇద్దరినీ వారించి, నాన్నగారిని ముందుకు వంచి, ఒక చేత్తో ఛాతీకి ఆసరా ఇచ్చి, రెండో అరచేతి అడుగుభాగంతో వీపు మీద రెక్క ఎముకల నడుమ ఐదుసార్లు గట్టిగా చరిచారు. అయినా ముక్క కదలకపోవడంతో వెనుక నిలబడి, రెండు చేతులూ చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి లోపలికీ పైకీ బలంగా నొక్కారు. మినప్పిండి పెచ్చుతో సహా ముక్క బయట పడింది. నాన్నగారు ఊపిరి పీల్చుకున్న చప్పుడు విన్నాక గానీ మాకు ప్రాణం లేచి రాలేదు.

2005 నుంచి మన రాష్ట్రంలో నడుస్తున్న 108 అంబులెన్స్ సిబ్బందికీ రుణపడి ఉన్నాం. ముక్క వచ్చేసింది కదా, ఇక ఆసుపత్రి ఎందుకని నాన్నగారు అంటున్నా, పొట్ట నొక్కినప్పుడు లోపల దెబ్బ తగిలే అవకాశం ఉంటుందని ఓపికగా నచ్చజెప్పి తీసుకువెళ్లారు.

ఆసుపత్రిలో మింగే తీరును పరీక్షించిన స్పీచ్ థెరపిస్ట్ గారు చేసిన మేలు ఇంతకు తక్కువేమీ కాదు. మాట తడబడేవారికి మాత్రమే ఆ వైద్యం అనుకునే మాకు, నాన్నగారిలా పక్షవాతం వచ్చి తగ్గినవారిలో మింగే కండరాలు బలహీనపడవచ్చనీ, తిన్నది కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారితే పైకి దగ్గు కూడా రాకుండానే న్యుమోనియా రావచ్చనీ ఆవిడ చెప్పారు. భోజనం తర్వాత గొంతు తడిగా, గురగురమన్నట్టు వినిపిస్తే వెంటనే చూపించమన్నారు. కనుమనాడు మినుము తినాలని పట్టుబట్టే మనిషి గనుక గారెలు పూర్తిగా మాన్పించకుండా, పెరుగులో బాగా నాననిచ్చి, పైపెచ్చు తీసేసి, చెంచాతో మెదిపి పెట్టమని చూపించారు. అరిసెలు, సున్నుండలు అంగిలికి అతుక్కుంటాయి కనుక వద్దన్నారు. మెత్తగా ఉడికిన పరమాన్నం చాలన్నారు. అయితే ఇవన్నీ నాన్నగారిని పరీక్షించి ఆయనకు చెప్పిన జాగ్రత్తలు. మరొకరి మింగుడు మరోలా ఉండవచ్చు గనుక ఎవరికి వారు చూపించుకోవడమే మంచిది.

కింద కూర్చోబెట్టకుండా వెన్ను నిటారుగా ఉండే కుర్చీలో కూర్చోబెట్టడం, కట్టుడు పళ్లు సరిగ్గా ఇమిడాయో లేదో ముందే చూడటం, తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకపోవడం మా ఇంట్లో ఇప్పుడు అలవాటైంది. అన్నిటికంటే కష్టమైనది పండుగ భోజనంలో ఆయన్ను పలకరించకుండా ఉండటం. దూరం నుంచి వచ్చిన బంధువులు కబుర్లలోకి దించితే, నోట్లో ముద్ద ఉండగానే జవాబు చెప్పాలని చూస్తారు. అందుకే మా బాబాయి ఆయన పక్కన కూర్చుని, భోజనం ముగిసేవరకు మాటలు తన మీదికి మళ్లించుకుంటున్నారు. బాబాయికీ నా నమస్కారాలు.

వీపు చరచడం, పొట్ట నొక్కడం ఎలాగో మన వీధివారందరికీ వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంట్లోనే చూపిస్తానని పక్కింటి కోడలుగారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. ఉగాదికి ముందే నేర్చుకుంటే మేలు కనుక, ఇంట్లో పెద్దవాళ్లున్నవారు, ముఖ్యంగా వడ్డన చేసేవారు, తప్పక రావలసిందిగా కోరుతున్నాను.